జడ కట్టిన జుట్టు: కుదుళ్ల దగ్గర ఎందుకు కలిసిపోతుంది, విశాఖ ఉక్కలో ఎందుకు ఆరదు

సంక్షిప్తంగా: వెంట్రుక నిర్మాణం, రాపిడి, తేమ ఈ మూడూ కలిస్తే జుట్టు దానంతట అదే జటలు కడుతుంది. ఇలా ఏర్పడిన జటలు కుదుళ్ల దగ్గర పక్కవాటితో అతుక్కుంటూ పోతాయి కాబట్టి తలంటుకున్న ప్రతిసారీ చేత్తో విడదీయాలి. అతుక్కున్న జట లావవుతుంది, లావైన జట ఆరదు. విశాఖపట్నంలాంటి తీర నగరంలో అసలు ఇబ్బంది ఇక్కడే. వద్దనుకుంటే జటలను విప్పవచ్చు, కత్తిరించవచ్చు. దానివల్ల ఏ కీడూ రాదు.

తెలుగులో జడ వేసుకుంటారు, జుట్టు జడ కడుతుంది. మొదటిది చేతులు చేసే పని. రెండోది చేతులు పెట్టనప్పుడు జరిగే పని. ఈ రెండో రకాన్నే శివుడి తలమీద జట అంటాం, బీచ్ రోడ్డులో కుర్రాడి తలమీద డ్రెడ్స్ అంటాం, మంచాన పడిన నాయనమ్మ మెడ వెనక కనిపిస్తే అట్టకట్టిందంటాం. పేరును బట్టి చూపు మారుతుంది. ఒకచోట దండం, ఒకచోట ఫ్యాషన్, మరోచోట కంగారు. జుట్టులో జరిగేది మాత్రం మూడుచోట్లా ఒకటే.

సెలూన్‌లో డ్రెడ్స్ చేయించుకునేవాళ్లకు మొదట తలను చిన్న చిన్న గడులుగా విభజిస్తారు. ఒక్కో గడిలోని జుట్టును వెనక్కి దువ్వి, క్రోషే సూదితో గట్టిపరుస్తారు. ఏ జటకు ఏ కుదుళ్లో ముందే తేలిపోతుంది. దానంతట అది కట్టిన జుట్టుకు ఈ గడులు ఉండవు. ఏ వెంట్రుక ఎటు పోతుందో తలగడ, చెమట, నిద్రలో తల తిప్పే అలవాటు తేలుస్తాయి. ‘సహజంగా వచ్చింది కాబట్టి ముట్టుకోకూడదు’ అనే అభిప్రాయం చాలామందిలో ఉంది. సరిగ్గా ఇలాంటి జుట్టుకే చేతి పని ఎక్కువ కావాలి.

పెంకుల వరసలాంటి పైపొర

వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఉంటుంది. ఒక పెంకు మీద ఇంకో పెంకు, అన్నీ కొస వైపుకు వాలి ఉంటాయి. ఒక పొడవాటి వెంట్రుకను కుదురు నుంచి కొసకు వేళ్లతో నిమిరితే నున్నగా జారుతుంది. కొస నుంచి కుదురుకు నిమిరితే గరుకుగా తగులుతుంది. రెండు వెంట్రుకలు ఎదురెదురు దిశల్లో ఒరుసుకుంటే పెంకుల అంచులు ఒకదానిలో ఒకటి దిగబడతాయి. వెంట్రుక ఒకవైపు జరగగలదు, తిరిగి వెనక్కి రావడం కష్టం. రుద్దిన కొద్దీ ముడి బిగుస్తుందే తప్ప వదలదు. వేడి నీళ్లలో ఉతికిన ఉన్ని స్వెట్టర్ కుంచించుకుపోయి అట్టలా అయ్యేది ఇందుకే.

నీళ్లు తగిలితే వెంట్రుక ఉబ్బుతుంది, పెంకులు కాస్త లేస్తాయి. సబ్బులాంటి క్షారగుణం ఉన్నది తగిలితే ఇంకా లేస్తాయి. నూనె, కండిషనర్ రాపిడిని తగ్గిస్తాయి. రోజూ నూనె రాసి దువ్వుకునే తలలో జటలు కట్టకపోవడానికి ఇంతకు మించిన రహస్యం ఏమీ లేదు.

వంకర కూడా లెక్కలోకి వస్తుంది. చిన్న చిన్న ఉంగరాలు తిరిగిన జుట్టులో ప్రతి ఉంగరం తన పక్కదాన్ని పట్టుకుంటుంది. అందుకే అది కొన్ని నెలల్లోనే గుండ్రటి, విడివిడి జటలుగా తయారవుతుంది. సాఫు జుట్టు తనంతట తాను ముడిపడదు. బాగా రాపిడి పడిన చోట మాత్రమే, అంటే మెడ వెనక, నడినెత్తిన, వెడల్పాటి అట్టలా కడుతుంది. తెలుగువాళ్లలో సాఫు నుంచి మంచి ఉంగరాల దాకా అన్ని రకాల జుట్టూ ఉంది. జమైకా గాయకుల ఫొటోలు చూసి, తన జుట్టూ అలా సన్నని తాళ్లలా వేలాడుతుందని ఎదురుచూసిన సాఫు జుట్టు యువకుడికి ఏడాది తర్వాత మెడ వెనక అరచేతి వెడల్పు అట్ట కనిపిస్తుంది. అందులో అతని తప్పేమీ లేదు. ఆ జుట్టుకు తెలిసిన దారి అదే.

రాలిన వెంట్రుకలు ఎక్కడికి పోతాయి

మనిషి తలమీద ఇంచుమించు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు 50 నుంచి 100 రాలతాయి. దువ్వుకునేవాళ్లకు అవి దువ్వెనలో కనిపిస్తాయి. జటలు కట్టిన తలలో కుదురు వదిలిన వెంట్రుకకు బయటికి దారి ఉండదు, జటలోనే ఉండిపోతుంది. ఆ లెక్కన ఏడాదికి 18 వేల నుంచి 36 వేల వెంట్రుకలు లోపలే చేరతాయి. ఏళ్లు గడిచే కొద్దీ జట బరువులో పెద్ద వాటా ఈ రాలిన జుట్టుదే.

సాధువుల జటలు పాదాలదాకా ఎలా పెరుగుతాయన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఒక కుదురు కొన్నేళ్లు, సాధారణంగా 2 నుంచి 6 ఏళ్లు, పెంచి ఆ వెంట్రుకను వదిలేస్తుంది. అందుకే ఎంత పెంచినా మామూలు జుట్టు ఒక హద్దు దగ్గర ఆగుతుంది. జటలో వదిలేసిన వెంట్రుక కింద పడదు. దాని వెనక కొత్తది పెరుగుతుంది, ఆ కొత్తది పాతదాన్ని పట్టుకుని కిందికి నెడుతుంది. ఒకరి చేతిని ఒకరు పట్టుకున్న వరసలా పొడవు సాగుతూనే ఉంటుంది. మామూలు జుట్టు నడుము దాటని మనిషికి కూడా జట మోకాళ్లు దాటగలదు.

ఈ లెక్క తెలియక కలిగే భయం ఒకటుంది. పాత జటను విప్పుతుంటే గుప్పెళ్లకొద్దీ జుట్టు ఊడి వస్తుంది. బట్టతల వచ్చేసిందని చాలామంది టెన్షన్ పడి మధ్యలో ఆపేస్తారు. అది ఆ రోజు ఊడిన జుట్టు కాదు, ఏళ్లుగా రాలుతూ లోపల నిలిచిపోయినది.

రెండు జటలు ఒకటయ్యే చోటు

జట మధ్యభాగం ఒకసారి గట్టిపడ్డాక పక్కదానితో అంత తొందరగా కలవదు. కలిసేది కుదుళ్ల దగ్గర. చర్మం నుంచి కొత్తగా వచ్చిన రెండు మూడు సెంటీమీటర్ల జుట్టు ఇంకా ఏ జటదీ కాదు, వదులుగా ఉంటుంది. తలగడ మీద తల ఒరిగిన ప్రతిసారీ, హెల్మెట్ తీసిన ప్రతిసారీ ఆ వదులు వెంట్రుకలు అటూ ఇటూ తిరిగి పక్క జటలోకి దూరుతాయి. మొదట నాలుగైదు వెంట్రుకలు వంతెనలా అడ్డం పడతాయి. వాటి మీద ఇంకొన్ని చేరతాయి. మూడు నెలలు పట్టించుకోకపోతే మూడు సెంటీమీటర్ల మేర రెండూ ఒకటైపోతాయి. వారం వారం చూసుకునేవాళ్లకు ఇది పది నిమిషాల పని. ఆరు నెలలు వదిలేసినవాళ్లకు ఒక మధ్యాహ్నమంతా పడుతుంది.

విడదీయడానికి మంచి సమయం తలంటుకున్న తర్వాత, నీళ్లు కారడం ఆగి జుట్టు చెమ్మగా ఉన్నప్పుడు. నీళ్లు ఓడుతున్నప్పుడు వెంట్రుక బాగా సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. పూర్తిగా ఎండితే గరుకుగా పట్టుకుంటుంది. రెండు జటల మొదళ్లను చర్మానికి వీలైనంత దగ్గరగా, చెరో చేత్తో పట్టుకుని నెమ్మదిగా ఎడం చేయాలి. కిందిభాగం పట్టుకుని లాగితే బరువంతా కుదుళ్ల మీద పడుతుంది. సన్నగా పట్పట్‌మని ఒకటీ రెండూ తెగిన చప్పుడు రావచ్చు. చర్మం లేస్తున్నట్టు, మండుతున్నట్టు అనిపిస్తే ఆగిపోవాలి. అక్కడ ముడి మందంగా ఉందని అర్థం.

అడ్డం పడిన వెంట్రుక ఏ వైపు కుదురు నుంచి వచ్చిందో వెలుతురులో చూస్తే తెలుస్తుంది. దాని కొసను పక్క జటలోంచి వేలితో బయటికి లాగి, సొంత జట మొదట్లో చుట్టేస్తే చాలు. వేళ్లు దూరని చోట సన్నని క్రోషే సూది పనికొస్తుంది. కానీ దాన్ని దూరిన వెంట్రుకను వెనక్కి లాగడానికే వాడాలి. నీటుగా కనిపించాలని వారం వారం పొడిచి కుట్టినట్టు చేస్తే లోపలి వెంట్రుకలు తెగి, ఏడాది రెండేళ్లలో జట ఆ చోట పలచబడుతుంది. మొదళ్లను బిగించి తిప్పడం, గట్టి రబ్బరు బ్యాండ్లు వేయడం కూడా నష్టమే. ఎప్పుడూ లాగుతూ ఉంటే నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. వైద్యులు దీన్ని ట్రాక్షన్ అలోపీసియా అంటారు. తొందరగా గమనించి లాగడం ఆపితే జుట్టు మళ్లీ వస్తుంది. ఏళ్లు గడిస్తే ఆ కుదుళ్లు శాశ్వతంగా పోతాయి.

ఎంతవరకు విడదీయాలన్న చోటే ఎక్కువమంది పొరపాటు పడుతున్నారు. అన్ని జటలూ ఒకే లావున ఉండాలన్న కోరికతో చీలుస్తూ పోతారు. చూడాల్సింది మొదలు. బొటనవేలు లావు జట పెన్సిల్ కన్నా సన్నని మొదలు మీద వేలాడుతుంటే దాన్ని ఇంకా చీల్చకూడదు. పక్కదానితో కలవనివ్వడమే మంచిది. మొదలు మోయగలిగినంతే జట ఉండాలి. సహజంగా కట్టిన తలలో ఒకటి లావుగా, ఒకటి సన్నగా, ఒకటి అట్టలా ఉండటం మామూలే. ఆ హెచ్చుతగ్గులను సరిచేయబోయి కుదుళ్లను పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

ఏళ్ల క్రితమే కలిసిపోయిన జటల సంగతి వేరు. పైన రెండు కుదుళ్లు, కింద ఒకటే తాడు అన్నట్టు ఉంటాయి. బరువు రెండు మొదళ్ల మీద పడుతుంది కాబట్టి వీటితో పెద్ద ప్రమాదం లేదు, అలా వదిలేయవచ్చు. విడదీసి తీరాలంటే చిన్న పదునైన కత్తెరతో నిలువునా చీల్చాలి. చీల్చిన వైపు వెంట్రుకలు తెగి ఉంటాయి, కొన్ని నెలలు పీచులా లేస్తాయి, రెండు సగాలూ మునుపటికన్నా బలహీనంగా ఉంటాయి. ఆ చీలిక అందం కోసం అయితే అవసరం లేదు. లోపల ఆరకపోవడం వల్ల అయితే అవసరం ఉంది.

తీరపు గాలి, పడవ మోకు

విశాఖలో గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ రోజులు 70 శాతం చుట్టూ, దానికి పైన ఉంటుంది. చెమట పడుతుంది, ఆవిరి కాదు. ఫిషింగ్ హార్బర్‌లో పడవలు కట్టే మోకును ఎండలో ముట్టుకుంటే పైన ఎండినట్టే ఉంటుంది. పిండి చూస్తే లోపల చెమ్మ తెలుస్తుంది. జట కూడా అంతే. వెంట్రుక ఒక్కటే తన బరువులో సుమారు 30 శాతం దాకా నీటిని లోపలికి పీల్చుకోగలదు. వెంట్రుకల మధ్య సందుల్లో నిలిచే నీళ్లు దీనికి అదనం. ఆ చెమ్మ బయటికి రావాలంటే మందమంతా దాటి రావాలి. మందం రెట్టింపైతే ఆరే సమయం రెట్టింపుకు మించి పెరుగుతుంది. రెండు జటలు కలిసి ఒకటైతే ఇక్కడ వచ్చే చిక్కు అదే. అనంతపురం పొడిగాలిలో సాయంత్రానికి ఆరిపోయే జట విశాఖ ఎంవీపీ కాలనీలో మర్నాటికి కూడా లోపల తడిగా ఉండవచ్చు.

ఆరని జటలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. తడి బట్ట మూటకట్టి ఉంచినట్టు వాసన మొదలవుతుంది. సాంబ్రాణి పొగ వేస్తే వాసన కప్పబడుతుంది గానీ ఆ కాస్త వేడి లోపలిదాకా పోదు. పొద్దున్నే తలంటుకోవడం, పాత పంచెలాంటి నూలుగుడ్డతో జట జటనూ విడిగా పిండటం, ముడి వేయకుండా వదిలి ఫ్యాను కిందో నీడగాలిలోనో కూర్చోవడం మేలు. రాత్రి తలస్నానం చేసి తడితో పడుకోవడం అన్నిటికన్నా చేటు. అక్టోబరు, నవంబరు ముసురు రోజుల్లో జటలను తడపకుండా కుదుళ్ల దగ్గర చర్మాన్ని మాత్రం తడిగుడ్డతో తుడుచుకుని, ఎండ వచ్చాక తలంటుకోవచ్చు. ఇక్కడి చెమటకు మామూలుగా వారానికో తలస్నానం సరిపోతుంది.

రుషికొండలోనో భీమిలిలోనో సముద్ర స్నానం చేస్తే జటలు త్వరగా గట్టిపడతాయన్న మాట వినిపిస్తుంది. ఉప్పు జుట్టును గరుకు చేస్తుంది కాబట్టి కొంత నిజమే. అయితే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కడగకుండా వదిలేస్తే జట రోజులకొద్దీ చెమ్మగానే ఉంటుంది, లోపల చేరిన ఇసుక వెంట్రుకలను కోస్తుంది. సముద్రం నుంచి వచ్చాక మంచినీళ్లతో రెండుసార్లు జాడించుకోవాలి. హెల్మెట్ కింద పలుచటి నూలు రుమాలు కట్టుకుంటే చెమటను అది పీల్చుకుంటుంది, నడినెత్తిన రాపిడి కూడా తగ్గుతుంది.

కుంకుడు మంచిదే, వడకట్టితే

నీళ్ల తేడా చిన్నది కాదు. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాల నుంచి వచ్చే కుళాయి నీటికీ, అపార్ట్‌మెంట్లలో వాడే బోరు నీటికీ సబ్బు నురగలోనే తేడా కనిపిస్తుంది. గట్టి నీళ్లలో సబ్బు కరగని తెల్లటి మడ్డిగా మారుతుంది. మామూలు జుట్టు మీద అది దువ్వెనతో పోతుంది, జటలో మాత్రం ఇరుక్కుపోతుంది. అందుకే ఒంటి సబ్బు కన్నా పలుచగా కలిపిన షాంపూ నయం. షాంపూను జటలకు పట్టించి రుద్దాల్సిన పని లేదు. చర్మానికి వేళ్ల కొసలతో రుద్ది, ఆ నురగను జటల మీదుగా కారనిస్తే చాలు. నీళ్లతో జాడించడం మాత్రం కడిగినదానికి రెట్టింపు సేపు ఉండాలి.

పాడేరు, అరకు వైపు గిరిజనులు సేకరించే కుంకుళ్లు, సీకాయ విశాఖ కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ ద్వారా కూడా నగరానికి వస్తాయి. జటలకు ఇవి బాగా సరిపోతాయి, ఒక షరతుతో: రసం తీసి, పలుచటి గుడ్డలో వడకట్టి వాడాలి. సీకాయ పొడిని నేరుగా రుద్దితే ఆ పొడి జటలోంచి ఏళ్లకు కూడా బయటికి రాదు. శనగపిండి, సున్నిపిండి, మెంతిపిండి, గోరింటాకు ముద్ద అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. మామూలు జుట్టుకు మేలు చేసే ఈ ముద్దలు జటల్లో చిక్కి, తడిసి, పులుస్తాయి. కొబ్బరినూనె కూడా చర్మానికి రెండు మూడు చుక్కలకు మించి వద్దు. జటలు తడిసేలా పట్టిస్తే దుమ్ము పట్టి, నూనె చెడిన వాసన వేస్తుంది. పోర్టు దుమ్ము పడే వన్‌టౌన్ వైపు ఇది ఇంకా త్వరగా తెలుస్తుంది. జటలు నిలవడానికని రాసే మైనం ఇక్కడి ఎండకు కరిగి లోపలికి దిగుతుంది. దాన్ని తీయడం దాదాపు అసాధ్యం.

భయం పుట్టిన చోట్లు

జడ కట్టిన జుట్టును కోస్తే కీడు జరుగుతుందన్న నమ్మకం మన దగ్గరే పుట్టిందని చాలామంది అనుకుంటారు. వైద్యులు ఈ స్థితికి పెట్టిన పాత పేరు ప్లైకా పోలోనికా. పోలండ్‌లో ఒకప్పుడు ఇది ఎక్కువగా కనిపించేది కాబట్టే ఆ పేరు. రోగం లోపలి నుంచి జుట్టులోకి దిగిందని, కోస్తే చూపు పోతుందని, మతి చలిస్తుందని అక్కడి పల్లెల్లో భయపడేవారు. 19వ శతాబ్దంలో యూజెఫ్ డీటల్ అనే క్రాకోవ్ వైద్యుడు, తర్వాత ఆ నగర మేయర్ కూడా అయిన వ్యక్తి, ఇది జుట్టును చూసుకోకపోవడం వల్ల వచ్చేదేనని చెప్పి ఆ భయానికి వ్యతిరేకంగా పనిచేశాడు. దేవుళ్లు వేరు, వాతావరణం వేరు, భయం మాత్రం అచ్చు మనలాంటిదే.

మన పక్కన ఈ భయం మరింత నష్టం చేసింది. కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దు ప్రాంతాల్లో ఆడపిల్ల తలలో జట కనిపిస్తే ఎల్లమ్మ పిలుపుగా భావించి దేవదాసీగా అప్పగించేవారు. కర్ణాటక 1982లో, ఆంధ్రప్రదేశ్ 1988లో ఈ అప్పగింతను చట్టంతో నిషేధించాయి. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ స్థాపించిన అంధశ్రద్ధ నిర్మూలన సమితి కార్యకర్తలు ఇలాంటి మహిళలను ఒప్పించి, వాళ్ల జటలు తీసే పనిని ఏళ్లుగా చేస్తున్నారు. మెడ నొప్పితో, పేలతో, నిద్రలేక బాధపడుతూ కూడా భయంతో మోస్తున్నవాళ్ల విషయంలో ఈ పని విలువ ఎంత చెప్పినా తక్కువే.

విశాఖ చుట్టుపక్కల ఇళ్లలో ఇది ఎక్కువగా పుట్టు వెంట్రుకల దగ్గర ఎదురవుతుంది. సింహాచలం అప్పన్నకు మొక్కి, మూడో ఏటో ఐదో ఏటో తలనీలాలు ఇద్దామని ఆగిన పిల్లల్లో మెడ వెనక మెత్తటి జుట్టు అట్టకడుతుంది. మొక్కు తీరేదాకా దువ్వకూడదేమోనని కొందరు తల్లులు వెనకాడతారు. ఇస్తామన్నది జుట్టు. చిక్కు తీసినంత మాత్రాన మొక్కుకు లోటు రాదు. అట్ట కింద చెమటపొక్కులు, కురుపులు లేచి పిల్లలు ఏడుస్తుంటే కారణం అక్కడ వెతకాలి.

ఉన్నట్టుండి ఒక్క పూటలో జడ కట్టడం కూడా ఉంది. పొడవాటి జుట్టును నెత్తిమీద గుట్టగా పోసి, ఘాటైన షాంపూతో గుండ్రంగా రుద్దితే ఉన్ని అట్టకట్టినట్టే మొత్తం బిగుసుకుపోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి. తలంటుకునేటప్పుడు పొడవాటి జుట్టును కిందికి వదిలి, పై నుంచి కిందికి నిమరడమే దీనికి జాగ్రత్త.

విప్పడం, తీసేయడం

కొత్తగా కట్టిన చిక్కును కండిషనర్‌తోనో కొబ్బరినూనెతోనో బాగా తడిపి, కొస నుంచి మొదలుపెట్టి వేలెడు వేలెడు చొప్పున విప్పవచ్చు. పైనుంచి దువ్వితే ముడి ఇంకా బిగుస్తుంది. ఏళ్లనాటి జటకు గంటలు కాదు, రోజులు పడతాయి. దురద ఆగకపోయినా, చీము కారినా, తాకితే నొప్పి పుట్టినా, మొదళ్ల దగ్గర చర్మం మెరుస్తూ పలచగా కనిపించినా విప్పే ప్రయత్నం ఆపి చర్మవ్యాధుల వైద్యులకు చూపించాలి. విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లోనూ ఆ విభాగం ఉంది. పేలు పడితే ఈపులు కుదుళ్ల దగ్గర అంటుకుని ఉంటాయి, దువ్వెన దిగదు కాబట్టి మందు పెట్టే పద్ధతి కూడా వైద్యులనే అడగాలి. తన ఆలనాపాలనా మానేసిన పెద్దవాళ్లలో జుట్టు ఇలా అయితే కుంగుబాటు, మతిమరుపు లాంటివి వెనక ఉన్నాయేమో చూడటం అవసరం.

కత్తిరించాలనుకుంటే జట మొత్తం పోనక్కర లేదు. కుదుళ్ల దగ్గర నాలుగైదు సెంటీమీటర్లు ఉంచి కోసి, మిగిలినదాన్ని నూనెతో విప్పుకుంటే తలమీద పొట్టి జుట్టు నిలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త. పాత, బరువైన జట కింద చర్మం పైకి లాక్కుపోయి జటలోకి దూరినట్టు ఉంటుంది, ఎక్కడ చర్మం ముగిసి ఎక్కడ జుట్టు మొదలైందో కంటికి తెలియదు. అందుకే కత్తెర పెట్టేముందు జట మొదట్లో వేలు దూర్చి, వేలికీ కత్తెరకూ మధ్య జుట్టు మాత్రమే ఉందని తడిమి చూసుకుని, కొద్దికొద్దిగా కోయాలి.